మణికట్టు

నోరు వంకర పోలేదు.
కాలు ఈడ్వలేదు.
తన పేరు, నా పేరు, పిండి బస్తా ధర
అన్నీ సరిగ్గానే చెప్పాడు ఓతియా.
కుడిచెయ్యి ఒక్కటే, మణికట్టు దగ్గర
తడి తువ్వాలులా వేలాడింది.

ఆదివారం, తెల్లవారుజాము నాలుగున్నర.
కుతైసీ ఇంకా లేవలేదు.
రియోనీ నది ఒక్కతే రాళ్లతో గొడవ పడుతోంది.
తోనె అప్పటికే ఎర్రబడింది,
నేలలోకి దించిన మట్టి బాన, మా రొట్టెల పొయ్యి,
వంగి చూస్తే కనుబొమ్మలు కమురుకంపు కొడతాయి.
మొదటి షోతిని సాగదీసి, అరచేతి మీద వేసుకుని
నడుం దాకా లోపలికి వంగాడు.
గోడకి కొట్టాలి. ఆ ఆఖరి క్షణంలో
మణికట్టు ఒక్కసారి వెనక్కి లేచి విదిలించాలి.
లేవలేదు.
పిండి జారి నిప్పుల్లో పడింది.
ఇరవై ఆరేళ్లలో నేనెప్పుడూ వినని చప్పుడు.

కిటికీ దగ్గర రొట్టెలు అమ్మేదాన్ని నేను.
చెయ్యి తిరిగిన మనిషని
ఊరంతా చెప్పుకునేవాడి చెయ్యి
తిరగకపోవడం మొదట చూసింది నేనే.

"రాత్రి పెళ్లిలో తాగి చెయ్యి మీద పడి నిద్రపోయుంటావు,"
అన్నాడు చెప్పులు కుట్టే బోండో, ఎదురు కొట్టులోంచి.
"నరం నలిగింది. మధ్యాహ్నానికి సర్దుకుంటుంది."
తిమ్మిరి లేదన్నాడు ఓతియా. నొప్పీ లేదు.
ఎవరో లోపల దీపం ఆర్పినట్టుందట, అంతే.
నాకు మాత్రం బోండో మాటే నచ్చింది.
అరవై రొట్టెల ఆర్డరుంది,
ఎనిమిదింటి దాకా చూద్దాం అన్నాను.
ఆ మూడున్నర గంటలు నా ఖాతాలోవి.

ఆసుపత్రిలో డాక్టర్ లమారా, రాత్రి డ్యూటీ కళ్లతో,
"చెయ్యి పైకెత్తండి" అంది.
భుజం లేచింది, మోచెయ్యి లేచింది,
మణికట్టు మాత్రం తల వంచుకుని నిలబడింది
బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా.
ఆవిడ తన రెండు వేళ్లు అతని అరచేతిలో పెట్టింది.
"ఎత్తొద్దు. గట్టిగా పట్టుకోండి, చాలు."
పట్టుకున్నాడు.
అప్పుడు, నేను చూశాను, బోండో చూశాడు,
ఎత్తమంటే ఎత్తనిది
పట్టుకోమంటే తనంతట తానే లేచింది.
కాస్తే. పిండి పొంగినంత.

మేం నవ్వాం. బాగైపోయిందనుకున్నాం.
ఆవిడ నవ్వలేదు.
"నరం నలిగితే ఇలా లేవదు,
తీగ బాగానే ఉంది. కబురు పుట్టే చోటే ఏదో అయింది."
స్కానింగులో చూపించింది,
మెదడు మడతల్లో, చేతికని విడిచిన మలుపులో
ఒక తెల్లచుక్క, చిక్కుడుగింజలో సగం.

పక్షవాతమంటే ఒక పక్షం మొత్తం కూలాలి కదా.
మా అమ్మమ్మకి అలాగే కూలింది,
ఎడమవైపు ఉన్న మమ్మల్ని కూడా మర్చిపోయింది.
ఇదేం పక్షం? ముంజేతి వెనక గుప్పెడు కండ.
వీధంతా దీపాలు వెలుగుతూ
ఒక్క ఇంట్లో కరెంటు పోతే
ఫిర్యాదుని ఎవరు నమ్ముతారు?

మూడు వారాలు తోనె చల్లగా ఉంది.
"ఏం, చేతులెత్తేశావా?" అన్నాడు బోండో, నోరు జారి.
"ఎత్తెయ్యడానికైనా చెయ్యి లేవాలిగా,"
అని ఓతియా నవ్వాడు.
ఆసుపత్రివాళ్లిచ్చిన రబ్బరు బంతి డ్రాయర్లో పడేసి
పిండిముద్ద పిసుకుతూ కూర్చునేవాడు.
పట్టు. వదులు. పట్టు.
పట్టినప్పుడల్లా మణికట్టు దొంగచాటుగా లేచేది.
లేవమని దానికి చెప్పకూడదని
మెల్లగా అర్థం చేసుకున్నాడు.

అక్టోబరులో మళ్లీ నిప్పు వేశాం.
మొదటి షోతి గోడకి వంకరగా అతుక్కుంది,
ఒక చివర ఊడింది, అడుగు మాడింది.
దాన్ని అమ్మలేదు నేను.
ఉప్పు అద్దుకుని నిలబడే తిన్నాను.

ఇప్పుడు నాలుగున్నరకి
పొయ్యి కన్నా ముందు అతన్ని అడుగుతాను,
మాత్ర వేసుకున్నావా, చూపించు.
రెండు చేతులూ నా ముందు చాపుతాడు,
అప్పిచ్చినవాడికి ఖాళీ జేబులు చూపించినట్టు.